సిరిసిల్ల ‘సెస్’: వినియోగదారులే యజమానులైన కరెంటు సంఘం

ఒక ఊరికి కరెంటు సరఫరా ఎలా ఉందో తెలుసుకోవాలంటే నేను మొదట అడిగేది ఒకటే. ట్రాన్స్‌ఫార్మర్ కాలిన రోజు నుంచి ఇంకోటి గద్దె ఎక్కే రోజు వరకు ఎన్ని రోజులు పట్టింది? లాస్ (లైన్లలో వృథాగా పోయే కరెంటు) శాతాలు, వసూళ్ల లెక్కలు తర్వాత చూడొచ్చు. మార్చి నెలలో వరి పొట్ట మీద ఉన్నప్పుడు మడికి నాలుగు రోజులు నీళ్లు అందకపోతే ఆ రైతుకు ఏ శాతమూ అక్కరకు రాదు.

ముప్పై ఏళ్లకు పైగా నేను కరెంటు పంపిణీలోనే పనిచేశాను. ఎక్కువ కాలం పల్లెటూరి సెక్షన్లలోనే గడిచింది. రిటైరయ్యాక సహకార విద్యుత్ సంఘాల లైన్లు, లెక్కలు చూడడం, వాటి గురించి కొత్త ఇంజనీర్లకు పాఠాలు చెప్పడం పనిగా పెట్టుకున్నాను. ఈ కేస్ స్టడీ సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘం గురించి. అక్కడి జనానికి అది ‘సెస్’. మిగతా చోట్ల కరెంటాఫీసు అంటారు, కరెంటోళ్లు అంటారు. ఇక్కడ మాత్రం “సెస్‌కు పోయొస్త” అంటారు. నా ఉద్యోగ జీవితంలో జనం ఇలా పేరు పెట్టి పిలుచుకునే కరెంటాఫీసు నాకు తగల్లేదు. ఈ సంఘం మీద నాకు ఆసక్తి మొదలైంది ఆ మాట దగ్గరే.

ముందు నా సెక్షన్ సంగతి

సెస్ గురించి చెప్పే ముందు, నేను దాన్ని ఏ కళ్లతో చూశానో చెప్పాలి. నేను పనిచేసిన ఒక సెక్షన్‌లో 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి ఉండేది. దాని కింద కాగితం మీద 19 మోటార్లు. ఒకరోజు నేనే పొలాల వెంట నడిచి లెక్కపెడితే 27 తేలాయి. ఆ యాసంగిలో అది రెండుసార్లు కాలింది. రెండోసారి కాలినప్పుడు రైతులే చందాలు వేసుకుని, ట్రాక్టర్ మాట్లాడుకుని, కాలినదాన్ని రిపేరు షెడ్డుకు మోసుకెళ్లారు. షెడ్డులో మార్పిడికి ఇంకోటి లేదు. తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ పొద్దున్నే నా ఇంటి ముందు మనుషులు కూర్చునేవారు. నా చేతిలో ఉన్నది పై ఆఫీసుకు కాగితం రాయడం మాత్రమే. ఆ కాగితం మూడు ఆఫీసులు దాటాలి. ఆ మూడింటిలో ఎవరికీ ఈ ఊరి పేరు కూడా తెలియదు.

అదే సెక్షన్‌లో ఇంకో ఊళ్లో ఏబీ స్విచ్ హ్యాండిల్ విరిగి నెలలు గడిచాయి. ఏబీ స్విచ్ అంటే ట్రాన్స్‌ఫార్మర్‌ను లైన్ నుంచి విడదీసే స్విచ్. అది పనిచేయకపోతే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫీజు (ఫ్యూజ్) వేసే మనిషి ప్రాణం గాలిలో ఉన్నట్టే. అప్పట్లో వ్యవసాయానికి కరెంటు రాత్రిపూట వచ్చేది. ఒక రైతు అర్ధరాత్రి ఫీజు వేయబోయి అక్కడే పడిపోయాడు. ఆయనకు ఇద్దరు పిల్లలు. హ్యాండిల్ కావాలని నేను రాసిన లెటర్ కాపీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. అంత్యక్రియల దగ్గర ఆయన భార్య నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేదని ఎన్నోసార్లు అనిపించింది.

ఆ తర్వాత నా మనసులో ఒక ప్రశ్న నిలిచిపోయింది. ఆ హ్యాండిల్‌కు డబ్బు మంజూరు చేయాల్సిన మనిషి ఆ ఊరివాడే అయితే? ఏడాదికోసారి అదే ఊరివాళ్ల ముందు నిలబడి జవాబు చెప్పాల్సినవాడైతే? సహకార సంఘాల వైపు నేను వెళ్లింది ఈ ప్రశ్న వల్లే.

పుట్టుక

సెస్ ఆలోచన మొలిచింది అమెరికా పల్లెల్లో. 1930ల మధ్యలో అక్కడి పొలాల ఇళ్లలో పదింటికి ఒక్కదానికి కూడా సరిగా కరెంటు లేదు. మైలుకు రెండు మూడు ఇళ్లున్న చోటికి లైన్ వేస్తే లాభం లేదని ప్రైవేటు కంపెనీలు పక్కకు తప్పుకున్నాయి. 1935లో ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ గ్రామీణ విద్యుదీకరణ సంస్థను పెట్టారు. మరుసటి ఏడాది దానికి చట్టం వచ్చింది. ప్రభుత్వం తక్కువ వడ్డీకి దీర్ఘకాల అప్పు ఇచ్చింది. రైతులు సంఘం కట్టుకుని, స్తంభాలు తామే పాతించుకుని, లైన్లకు తామే యజమానులయ్యారు. 1950లు సగానికి వచ్చేసరికి పదింటికి తొమ్మిది పొలాలకు పైగా వెలుగు వచ్చింది. ఇవాళ అక్కడ సుమారు 900 సంఘాలున్నాయి, దేశ విస్తీర్ణంలో సగానికి పైగా అవే కరెంటు ఇస్తున్నాయి.

1960లలో అమెరికా సంఘాల సమాఖ్య ఈ పద్ధతిని వేరే దేశాలకు పరిచయం చేయడం మొదలుపెట్టింది. మన దగ్గర అవి కరువు రోజులు. అమెరికా గోధుమలకు పీఎల్ 480 అనే వాళ్ల ఆహార సాయం చట్టం కింద మన ప్రభుత్వం రూపాయల్లో కట్టిన సొమ్ము పోగుపడి ఉంది. అదే కాలంలో వెంకటప్పయ్య అధ్యక్షతన ఉన్న గ్రామీణ పరపతి సమీక్ష కమిటీ, పల్లెల విద్యుదీకరణకు ప్రత్యేక సంస్థ కావాలని చెప్పింది. అలా, ఆ సొమ్ము ఆసరాతో, 1969 జులైలో గ్రామీణ విద్యుదీకరణ కార్పొరేషన్ ఏర్పడింది. ప్రయోగం కోసం దేశంలో ఐదు చోట్ల సంఘాలు పెట్టారు. కర్ణాటకలో హుక్కేరి, మహారాష్ట్రలో ముళా-ప్రవర, గుజరాత్‌లో కోడినార్, ఉత్తరప్రదేశ్‌లో లక్నో, మన దగ్గర సిరిసిల్ల. 1970లో సెస్ పని మొదలుపెట్టింది.

ఆ ఐదింటిలో సిరిసిల్ల, హుక్కేరి మాత్రమే సంఘాలుగా మిగిలాయి. సిరిసిల్ల నిలవడం చిన్న సంగతి కాదు. 1978లో ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల ప్రాంతాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. భూముల గొడవలు, పోలీసు క్యాంపులు, నక్సలైట్ల కాలం. ఆ రోజుల్లో పల్లెకు పోవడానికి చాలా శాఖల వాళ్లు జంకేవారు. కరెంటు పని మాత్రం ఎవరో ఒకరు వెళ్లి చేయకుండా సాగేది కాదు.

ఎలా నడుస్తుంది

ఇవాళ రాజన్న సిరిసిల్ల జిల్లాలో 13 మండలాలున్నాయి. సిరిసిల్ల, తంగళ్లపల్లి, ఎల్లారెడ్డిపేట, గంభీరావుపేట, ముస్తాబాద్, వీర్నపల్లి, ఇల్లంతకుంట, కోనరావుపేట, చందుర్తి, రుద్రంగి, బోయినపల్లి, వేములవాడ, వేములవాడ రూరల్. ఈ జిల్లాకు కరెంటు పంచేది సెస్. తను కరెంటు తయారు చేయదు. ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ నుంచి టోకుగా కొంటుంది. అక్కడి నుంచి సబ్‌స్టేషన్లు, 11 కేవీ లైన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, మీటర్లు, బిల్లులు, ఫిర్యాదులు అన్నీ సంఘం బాధ్యతే. టోకు ధరను, వినియోగదారుల టారిఫ్‌ను నిర్ణయించేది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి. కాబట్టి “సంఘం కదా, కరెంటు చౌకగా ఇస్తారా” అని అడిగేవాళ్లకు నా జవాబు లేదనే. ధర సంఘం చేతిలో లేదు. స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్, లైన్‌మన్, స్పేర్ సామాను, ఈ ఏడాది ఏ ఊళ్లో ముందు పని చేయాలన్న నిర్ణయం మాత్రం దాని చేతిలో ఉన్నాయి. పల్లెకు అసలు తేడా తెచ్చేవి కూడా అవే.

వాటా సొమ్ము కట్టిన వినియోగదారు సభ్యుడవుతాడు. సభ్యులు ఓటేసి 15 మంది డైరెక్టర్లను ఎన్నుకుంటారు. డైరెక్టర్లలో ఒకరు చైర్మన్. సహకార చట్టం ప్రకారం ఏటా సర్వసభ్య సమావేశం, ఆడిట్. మానేరు పక్కన ఒక ఊళ్లో బీడీలు చుడుతున్న అక్కను అడిగాను, కరెంటు పోతే ఏం చేస్తారక్కా అని. “ఫోన్ జేస్తే లైన్‌మన్ అస్తడు సార్. రాకపోతే డైరెక్టర్ ఇంటికి పోతం. ఆయన ఇల్లు మాకు ఎరుకే” అంది. నా సెక్షన్‌లో మూడు ఆఫీసులు దాటాల్సిన కాగితం నాకు గుర్తొచ్చింది. ఇల్లు తెలియడం వల్ల ప్రతి పనీ అయిపోతుందని కాదు. ఆ డైరెక్టర్ తప్పించుకోవాలనుకున్నా పెళ్లి భోజనాల్లోనో, సంతలోనో, గుడి దగ్గరో ఎవరో ఒకరికి దొరికిపోతాడు. జవాబుదారీ అనే మాటకు పల్లెల్లో ఇంతకంటే మంచి అర్థం నాకు తెలియదు.

మోటార్ల లెక్క

ఇక్కడ కొంచెం ఇంజనీరింగ్ చెప్పక తప్పదు. సంఘం ఉండడం వల్ల తేడా ఎక్కడ వస్తుందో ఈ లెక్కలోనే కనిపిస్తుంది.

100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఎల్టీ (తక్కువ వోల్టేజీ) వైపు మోయగలిగేది సుమారు 133 ఆంపియర్లు. ఐదు హెచ్‌పీ మోటారు పూర్తి లోడ్ మీద దాదాపు 7 ఆంపియర్లు తీసుకుంటుంది. ఇరవై మోటార్లు ఒకేసారి నడిస్తే 140. అంటే అప్పటికే అంచు దాటింది. పైగా ఇది నడిచేటప్పటి లెక్క. మోటారు లేచే క్షణంలో ఆరు రెట్లు లాగుతుంది. కరెంటు పోయి తిరిగి వచ్చినప్పుడు ఆటో స్టార్టర్లున్న మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి. ఇరవై మోటార్లకు 840 ఆంపియర్లు. వోల్టేజీ పడిపోతుంది. వోల్టేజీ పడితే మోటార్లు త్వరగా వేగం అందుకోలేవు, ఆ భారీ కరెంటు ఇంకాస్త సేపు సాగుతుంది. ఫీజు తీగ సరైనదైతే అక్కడే తెగిపోవాలి. విసుగెత్తిన రైతు మందం తీగ చుట్టి ఉంటాడు. అది తెగదు, ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది.

దీనికి మందు ఖరీదైనది కాదు. ప్రతి మోటారుకూ సరైన కెపాసిటర్ బిగిస్తే పవర్ ఫ్యాక్టర్ (లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు) 0.75 నుంచి 0.95కు వస్తుంది, 7 ఆంపియర్లు ఐదున్నరకు దిగుతుంది. ఇరవై మోటార్లకు 110. ఇంతకుముందు భారమైనది కాస్తా ఇప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ సులువుగా మోసే లోడ్ అయింది. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ కొనలేదు, కొత్త లైన్ వేయలేదు. ఆటో స్టార్టర్ తీసేస్తే మోటార్లు ఒకటి తర్వాత ఒకటి లేస్తాయి. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు, ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే రైతులను గట్టిగా కోరింది. ఇంకో మార్గం హెచ్‌వీడీఎస్. పొడవాటి ఎల్టీ లైన్లు తీసేసి 11 కేవీ లైన్‌నే పొలం దాకా తెచ్చి, ముగ్గురు నలుగురు రైతులకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడం. అదే శక్తిని 433 వోల్టుల బదులు 11 వేల వోల్టులతో పంపితే తీగలో కరెంటు పాతికో వంతుకు తగ్గుతుంది. వేడిగా పోయే నష్టం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, అదే తీగ మీద ఆరు వందల రెట్లకు పైగా తగ్గిపోతుంది. ఇంకో మేలు కూడా ఉంది. ఆ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఆ ముగ్గురిదే అన్న భావం వస్తుంది. ఎవరైనా దొంగతనంగా ఇంకో మోటారు తగిలిస్తే కాలేది తమదేనని వాళ్లకు తెలుసు కాబట్టి వాళ్లే ఊరుకోరు.

ఈ మందులు ప్రతి ఇంజనీరుకూ తెలుసు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉచిత కరెంటు 2004లో వచ్చాక కెపాసిటర్ పెట్టాలన్న షరతూ వచ్చింది. ఎన్నో ఊళ్లలో కెపాసిటర్లు పంచారు. మరుసటి ఏడాది వెళ్లి చూస్తే స్టార్టర్ డబ్బాలో వైర్లు పీకేసి ఉండేవి. పైనుంచి పంచిన వస్తువును రైతు ప్రభుత్వ వస్తువుగానే చూస్తాడు. నా అనుభవంలో కెపాసిటర్లు నిలిచింది రైతులే ఒక చెట్టు కింద కూర్చుని లెక్క వేసుకున్న చోటే. ట్రాన్స్‌ఫార్మర్ కాలినప్పుడల్లా మోటారు వైండింగ్‌కు, ట్రాక్టర్ కిరాయికి, ఎండిన మడికి కలిపి తలా ఎంత పోయిందో వాళ్లకు వాళ్లే చెప్పుకున్నారు. ఆ తర్వాత కెపాసిటర్ ధర వాళ్లకు పెద్దగా కనపడలేదు. సహకార సంఘానికి ఇలాంటి మాట చెప్పే హక్కూ, చోటూ పుట్టుకతోనే ఉన్నాయి. సర్వసభ్య సమావేశం ఎజెండాలో కెపాసిటర్ ఒక అంశంగా ఉండాలి. డిస్కం (ప్రభుత్వ పంపిణీ కంపెనీ) పంపే కరపత్రం ఆ పని చేయలేదు.

సాంచాలు

సిరిసిల్ల అంటే పొలాలే కాదు. ఊళ్లో అడుగుపెడితే వీధి వీధినా సాంచాల చప్పుడు. పవర్‌లూమ్‌ను అక్కడ సాంచా అంటారు. వేల సాంచాలు షెడ్లలో నడుస్తాయి. కొన్ని సాంచాలు పెట్టుకుని కూలికి బట్ట నేసి ఇచ్చేవాళ్లు ఆసాములు. వాళ్ల దగ్గర పనిచేసే కార్మికుడికి జీతం నెల లెక్క కాదు, నేసిన బట్ట లెక్క. కాబట్టి కరెంటు పోయిన గంట అతని కూలిలోంచే పోతుంది. షిఫ్టులో మూడుసార్లు పోయి మూడుసార్లు వస్తే పోయిన నిమిషాల కంటే నష్టం ఎక్కువ. పోగులు తెగుతాయి, సాంచా ఆగి లేచిన చోట బట్ట మీద గీత పడుతుంది, ఆ బట్టకు ధర కోస్తారు. కండెలు చుట్టే ఆడవాళ్ల పనీ అప్పుడే ఆగుతుంది.

కరెంటు వైపు నుంచి చూస్తే సాంచాలు దీవెన లాంటివి. చిన్న చిన్న మోటార్లు, పగలూ రాత్రీ ఒకే తీరుగా నడుస్తాయి, ఏడాది పొడవునా ఉంటాయి. పొలాల మోటార్లు మాత్రం ఫిబ్రవరి, మార్చిలో కట్టలు తెంచుకుని, వానలు పడగానే చల్లబడతాయి. మార్చి నెల కోసమే వేసిన తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు మిగతా నెలల్లో సగం ఖాళీగా ఉంటాయి, వాటి అప్పు మాత్రం పన్నెండు నెలలూ కట్టాలి. ఆ భారాన్ని పంచుకునేవి సాంచాలు. నేత ఆర్డర్లు తగ్గి సాంచాలు ఆగిన నెలల్లో కార్మికుడి ఇంట్లో పొయ్యి వెలగదు, సంఘం అమ్మే యూనిట్లూ తగ్గుతాయి. సిరిసిల్లలో నేత సంక్షోభం వచ్చి కార్మికులు ప్రాణాలు తీసుకున్న చీకటి ఏళ్లున్నాయి. ఊరి బతుకూ, కరెంటు సంఘం బతుకూ ఇంతగా ముడిపడి ఉన్న చోటు అరుదు. వందల కిలోమీటర్ల దూరాన హెడ్డాఫీసు ఉన్న సంస్థకు ఒక పట్టణంలో సాంచాలు ఆగితే అది లెక్కల్లో చిన్న అంకె.

డబ్బు ఎవరిది

ఇప్పుడు కష్టమైన భాగానికి వస్తాను. సంఘానికి ముఖ్యంగా ముగ్గురు ఖాతాదారులు. రైతులకు కరెంటు ఉచితం. సాంచాలకు రాయితీ. ఇళ్లలో ఎక్కువ శాతం చిన్న బిల్లులు. అంటే సభ్యులు వాడే కరెంటులో పెద్ద భాగానికి డబ్బు రావాల్సింది సభ్యుల నుంచి కాదు, రాష్ట్ర ప్రభుత్వం నుంచి. ఉచిత కరెంటుకు నేను వ్యతిరేకిని కాను. వెయ్యి అడుగుల బోరు వేసి, అప్పు తెచ్చి, వానదేవుడిని నమ్ముకున్న రైతు దగ్గర కరెంటు బిల్లు వసూలు చేయమంటే నా చేతులు రావు. అయినా ఒక సంగతి ఒప్పుకోవాలి. ప్రభుత్వం నుంచి రావాల్సిన సొమ్ము ఆలస్యమైతే సంఘం టోకు బిల్లు కట్టలేదు, బకాయి పెరుగుతుంది. బకాయి పడిన సంఘం మాట ఎవరూ వినరు.

రెండో చిక్కు మీటర్ లేకపోవడం. వ్యవసాయ మోటార్లకు మీటర్లు ఉండవు. కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర మీటర్లు పెట్టి, ఆ రీడింగుల మీద అంచనా వేస్తారు. కొన్న యూనిట్లలోంచి ఇళ్లవీ, సాంచాలవీ తీసేస్తే మిగిలిన దాంట్లో మోటార్లు తాగింది ఎంత, తీగలు తాగింది ఎంత అన్నది అంచనా మాటే. ఏ సంస్థ అయినా తన లాస్‌ను వ్యవసాయం ఖాతాలోకి నెట్టి శాతం అందంగా చూపించుకోవచ్చు. అందుకే ఎవరైనా లాస్ శాతం గొప్పగా చెబితే, ఎన్ని ట్రాన్స్‌ఫార్మర్లకు మీటర్లున్నాయని అడుగుతాను. సంఘం సభ్యులు కూడా ఈ ప్రశ్నే అడగాలి.

డబ్బు లెక్క తప్పితే ఏమవుతుందో ముళా-ప్రవర చూపించింది. అప్పటి అహ్మద్‌నగర్ జిల్లా చెరకు పల్లెల్లో నాలుగు దశాబ్దాలు నడిచిన సంఘం అది. సహకార చక్కెర మిల్లులు పుట్టిన నేల, సంఘం అంటే ఏమిటో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. అయినా వ్యవసాయ బిల్లులు వసూలు కాలేదు, టోకు బకాయి కొండలా పెరిగింది. 2011లో లైసెన్సు ముగిసినప్పుడు నియంత్రణ మండలి ఆ ప్రాంతాన్ని రాష్ట్ర పంపిణీ కంపెనీకి అప్పగించింది. సహకార సంప్రదాయం ఎంత బలంగా ఉన్నా బకాయి ముందు నిలవలేదు. సిరిసిల్ల మిత్రులతో మాట్లాడినప్పుడల్లా నేను ముళా-ప్రవర పేరెత్తుతాను. వాళ్లకు అది నచ్చదు. మంచి కోరేవాడు చెప్పాల్సిన మాట కాబట్టి చెబుతూనే ఉంటాను.

చట్టం వైపు నుంచీ సంఘం నిలబడిన నేల గట్టిది కాదు. 2003 విద్యుత్ చట్టం 13వ సెక్షన్ కింద, రాష్ట్ర ప్రభుత్వం సిఫార్సు చేస్తే నియంత్రణ మండలి సహకార సంఘాలకు లైసెన్సు అక్కర్లేకుండా మినహాయింపు ఇవ్వొచ్చు. ఇవ్వకపోతే లేదు. ఆంధ్రప్రదేశ్‌లో అనకాపల్లి, చీపురుపల్లి, కుప్పం సంఘాల విషయంలో 2021లో ఈ మినహాయింపే పెద్ద వివాదమైంది. వినియోగదారుల సొంత సంస్థ ఉండాలా వద్దా అన్నది ఒక ఆర్డర్ మీద ఆధారపడడం నాకు బాధ కలిగిస్తుంది.

ఓటు

2022 డిసెంబర్ 24న సెస్ పాలకవర్గానికి ఎన్నికలు జరిగాయి. 80 వేలకు పైగా సభ్యులకు ఓటు హక్కు. జెండాలు, మైకులు, పార్టీల కండువాలు, అచ్చం అసెంబ్లీ ఎన్నికలే. చదువుకున్న నా మిత్రులు కొందరు ఇది చూసి, సహకారం చచ్చిపోయిందన్నారు. నాకు అంత నిరాశ లేదు. రాష్ట్రంలో కరెంటాఫీసును ఎవరు నడపాలో ఓటేసి చెప్పే అవకాశం ఇంకే జిల్లా వాళ్లకు ఉంది? పార్టీలు రావడం కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది వేరే ఉంది. ప్రచారంలో కెపాసిటర్ మాట రాదు. ట్రాన్స్‌ఫార్మర్ ఎన్ని రోజుల్లో మారుతోందన్న లెక్క రాదు. స్టోర్‌లో ఎన్ని స్పేర్లున్నాయో, పనిమీద ఎంతమంది లైన్‌మన్లు, హెల్పర్లు షాక్ తగిలి చనిపోయారో రాదు. ఎన్నిక ఆలస్యమైతే ప్రభుత్వం నియమించిన పర్సన్ ఇన్‌చార్జ్ చేతిలో సంఘం ఉంటుంది. ఆ కాలంలో బీడీలక్క పోవడానికి డైరెక్టర్ ఇల్లు ఉండదు.

శిక్షణ తరగతుల్లో నేను డైరెక్టర్లకు ఒక కాగితం ఇచ్చి నింపమంటాను. మీ మండలంలో పోయిన యాసంగిలో కాలిన ట్రాన్స్‌ఫార్మర్లు ఎన్ని, ఒక్కొక్కటి మారడానికి పట్టిన రోజులు ఎన్ని, రెండోసారి కాలినవి ఏవి, విరిగిన ఏబీ స్విచ్‌లు ఎన్ని. ఇంకేమీ అడగను. అంకెలు చూడకుండా నింపగలిగినవాళ్లు బాగా పనిచేసే డైరెక్టర్లు. ఇంటికి వెళ్లి లైన్‌మన్‌ను అడిగి మరునాడు నింపి తెచ్చేవాళ్ల మీద కూడా నాకు గౌరవమే.

ముందుకు ఒక దారి

అమెరికా సంఘాలకూ మన సంఘాలకూ ఒక పెద్ద తేడా ఉంది. అక్కడ చిన్న పంపిణీ సంఘాలన్నీ కలిసి కరెంటు తయారు చేసే పెద్ద సంఘాలు పెట్టుకున్నాయి. అలాంటివి 60కి పైగా ఉన్నాయి. టోకు ధర మీద వాళ్లకూ కొంత పట్టు ఉంది. మిగులు సొమ్మును సభ్యుల పేరు మీద జమ వేసి కొన్నేళ్లకు తిరిగి ఇస్తారు. మనం మొదట ఐదు చోట్ల ఐదు ఒంటరి సంఘాలు పెట్టాం. వాటికి కరెంటు అమ్మేది కూడా పక్కనే అదే పని చేసే ప్రభుత్వ సంస్థ. బంగ్లాదేశ్‌లో 1977లో ఇదే అమెరికా సలహాతో మొదలుపెట్టి, ఒక కేంద్ర బోర్డు కింద పల్లె విద్యుత్ సంఘాలను దేశమంతా అల్లారు. ఇప్పుడవి 80. మన సంఘాలకు అలాంటి తోడు దొరకలేదు.

అందుకే నాకు సోలార్ మీద ఆశ. 2019లో వచ్చిన పీఎం కుసుమ్ పథకం కింద రైతులు, సహకార సంఘాలు సబ్‌స్టేషన్ పక్కనే 2 మెగావాట్ల దాకా ప్లాంటు పెట్టుకునే వీలు వచ్చింది. ఒక మెగావాట్‌కు నాలుగైదు ఎకరాలు కావాలి, మన ఎండకు ఏడాదికి సుమారు 15 లక్షల యూనిట్లు వస్తాయి. ఐదు హెచ్‌పీ మోటారు ఏడాదికి 1,200 గంటలు నడిచిందనుకుంటే దాదాపు 5,400 యూనిట్లు. రెండు మెగావాట్ల ప్లాంటు 550 మోటార్ల ఏడాది అవసరానికి సరిపోతుంది. వానాకాలంలో మోటార్లు ఆగినప్పుడు ఆ కరెంటు ఏమవుతుందని మిగతా జిల్లాల్లో అడుగుతారు. సిరిసిల్లలో ఆ ప్రశ్న లేదు. పగటి షిఫ్టు సాంచాలు ఉన్నాయి. పొలం, సాంచా రెండూ ఒకే సంఘం కింద ఉండడం ఇక్కడి అదృష్టం.

ప్లాంటుకు టెండర్ పిలవడం కంటే ముందు పని ఒకటుంది. ఒక 11 కేవీ ఫీడర్‌ను ఎంచుకుని, దాని మీదున్న ట్రాన్స్‌ఫార్మర్లన్నింటికీ మీటర్లు పెట్టి ఏడాది రీడింగులు తీయాలి. మోటారుకు మీటర్ పెడితే రేపు బిల్లు వస్తుందని రైతుకు టెన్షన్. ట్రాన్స్‌ఫార్మర్‌కు పెడితే ఆ భయం ఉండదు, అదీ ముందే ఊరికి చెప్పాలి. నెల నెలా వచ్చిన అంకెలను గ్రామపంచాయతీ గోడకు అతికించాలి. ఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం ఎక్కువో, ఎక్కడ కెపాసిటర్లు పీకేశారో ఊరికే తెలుస్తుంది. ఫీడర్ ఏదైనా సరే, వచ్చే యాసంగి నాట్లకు ముందే ఈ మీటర్లు బిగించి ఉండాలి.